విదేశీ సహోద్యోగులతో అపార్థాలు లేకుండా పనిచేయడం ఎలా: దశలవారీ మార్గదర్శి

"జపాన్ నుంచి క్లయింట్ వస్తున్నారు, ఎంత వంగి నమస్కరించాలి?" "జర్మన్ మేనేజర్ రెండే రెండు వాక్యాల మెయిల్ పంపారు, నా మీద కోపం వచ్చిందా?" "అమెరికా వాళ్లందరూ నా ప్రతిపాదన బాగుందన్నారు, మరి దాన్ని ఎందుకు పక్కన పెట్టారు?" పాఠకులు పదేపదే అడుగుతున్న ఈ ప్రశ్నలకు ఒక్కొక్కదానికీ విడిగా జవాబు చెప్పడం కంటే, పనిని మొదటి నుంచీ ఏ వరుసలో చేయాలో చెప్పడం మేలనిపించి ఈ మార్గదర్శి రాస్తున్నాను.

హైదరాబాద్‌లోనో విశాఖపట్నంలోనో కూర్చుని అమెరికా, జర్మనీ, జపాన్ బృందాలతో రోజూ మాట్లాడేవారికీ, ఉద్యోగం మీద ఆ దేశాలకు కొత్తగా వెళ్లినవారికీ ఇది ఉపయోగపడుతుంది. చాలామంది కరచాలనం, నమస్కారం, కానుకలతో మొదలుపెడతారు. అవి చివర నేర్చుకున్నా నష్టం లేదు. నమస్కారంలో పొరపాటు జరిగితే ఎదుటివారు నవ్వి ఊరుకుంటారు గానీ, "సరే" అన్న మాటలో పొరపాటు జరిగితే నెల రోజుల పని వృథా అవుతుంది.

ఒక జాగ్రత్త ముందే చెప్పాలి. ఇక్కడ జర్మన్లు, జపనీయులు, అమెరికన్లు అని రాసినదంతా మొదటి అంచనా మాత్రమే. మన గోదావరి జిల్లాల మనిషీ పాలమూరు మనిషీ ఒకేలా మాట్లాడరన్న సంగతి మనకు తెలిసిందే. అలాగే మ్యూనిక్ మనిషి, బెర్లిన్ మనిషి కూడా ఒకటి కారు. ఎదుట ఉన్న వ్యక్తి అంచనాకు భిన్నంగా కనిపిస్తే, అంచనాను వదిలి వ్యక్తినే నమ్మాలి.

1. ముందుగా మన మాటతీరును పట్టుకోవాలి

ఇంట్లో బియ్యం అయిపోతే "నిండుకున్నాయి" అంటాం. దీపం ఆరిపోతే "కొండెక్కింది" అంటాం. బయలుదేరేటప్పుడు "వెళ్తాను" అనకుండా "వెళ్లొస్తాను" అంటాం. లేదు, ఆరింది, పోతున్నాను అనే మాటలను సూటిగా పలకకపోవడం మనకు పెంపకంతోనే వచ్చిన మర్యాద. ఆ మర్యాద ఇంగ్లీషులోకి మారినప్పుడు కూడా మనతోనే వస్తుంది. వినేవారికి ఆ పెంపకం లేదు కాబట్టి, బియ్యం నిజంగానే నిండుగా ఉన్నాయని అనుకుంటారు.

అందువల్ల మొదటి వారం ఎదుటివారిని గమనించే పని పెట్టుకోకుండా, మిమ్మల్ని మీరు గమనించుకోండి. ఒక చిన్న నోటుబుక్కులో రెండు గడులు గీసి, ఎడమవైపు మీరు అన్న మాటను, కుడివైపు మీ మనసులో ఉన్న అసలు అర్థాన్ని రాయండి. చాలామందికి కనిపించే మాటలు ఇవి:

- "చూద్దాం" అన్నప్పుడు, కుదరకపోవచ్చు అని అర్థం.
- "ప్రయత్నిస్తాను" అన్నప్పుడు, మీ ముఖం మీద కాదనలేక అంటున్నాను అని అర్థం.
- "దాదాపు అయిపోయింది" అన్నప్పుడు, పని మొదలైంది, ఎంత మిగిలిందో ఇంకా లెక్క వేయలేదు అని అర్థం.
- "పర్వాలేదు" అన్నప్పుడు, కొన్నిసార్లు నిజంగా పర్వాలేదనీ, కొన్నిసార్లు చాలా బాధ కలిగిందనీ అర్థం.
- తలను రెండు వైపులా మెల్లగా ఊపినప్పుడు, వింటున్నాను, సరే, మీ ఇష్టం అనే మూడింటిలో ఏదో ఒకటి.

ఈ జాబితాలోని మూడో మాట నాకు ఖరీదైన పాఠం నేర్పింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక జర్మన్ సహోద్యోగి పని ఎంతవరకు వచ్చిందని అడిగితే, "దాదాపు అయిపోయింది" అన్నాను. ఆయన ఆ మాటను అక్షరాలా తీసుకుని, మర్నాడు పరీక్షించడానికి ఇద్దరిని సిద్ధం చేసి పెట్టుకున్నారు. నాకు ఇంకా నాలుగు రోజుల పని మిగిలి ఉంది. ఆయనకు ఆలస్యం మీద కోపం రాలేదు. నా మాట మీద నమ్మకం పోయింది, దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి నాకు చాలా నెలలు పట్టింది.

2. ఎదుటివారి గురించి ఒక పేజీ సిద్ధం చేసుకోవాలి

దేశ చరిత్ర, పండుగలు, వంటకాలు చదవడం మంచిదే గానీ, మొదటి సమావేశానికి అవి అక్కరకు రావు. కింది ఐదు ప్రశ్నలకు జవాబులు ఒక పేజీలో రాసుకుంటే చాలు. తెలియని వాటిని ఆ బృందంతో ఇప్పటికే పనిచేసిన మనవారిని అడిగి తెలుసుకోవచ్చు.

□ వీరిని ఏ పేరుతో పిలవాలి?
□ వీరు "కాదు" అనే మాటను ఎలా చెబుతారు?
□ నిర్ణయం సమావేశంలో తీసుకుంటారా, దానికి ముందే తీసుకుంటారా?
□ ఆలస్యం ఎన్ని నిమిషాల తర్వాత తప్పుగా లెక్కకు వస్తుంది?
□ ఏ విషయాలు రాతలో కావాలి, ఏవి నోటిమాటగా సరిపోతాయి?

3. పేర్లు, పిలుపులు

ముందుగా మన పేరుతో మొదలుపెట్టాలి, ఎందుకంటే తెలుగువారి పేర్లు విదేశీయులకు నిజంగానే చిక్కు. ఇంటిపేరు ముందు వస్తుంది, చాలాసార్లు ఒక్క అక్షరంగా కుదించుకుపోతుంది, ఆ తర్వాత మూడు నాలుగు పేర్లు వరుసగా ఉంటాయి. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడితే, అమెరికా వీసాలో మొదటి పేరు ఉండవలసిన చోట "ఎఫ్‌ఎన్‌యూ" అనే మూడక్షరాలు అచ్చవుతాయి. మొదటి పేరు తెలియదు అనేదే వాటి అర్థం. ఆ తర్వాత బ్యాంకులో, ఆఫీసు బ్యాడ్జి మీద అదే మీ పేరైపోయే ప్రమాదం ఉంది.

దీనికి చేయవలసింది ఇది. మిమ్మల్ని పిలవవలసిన పేరును ఒక్కదాన్ని ఎంచుకుని, మెయిల్ చివరి సంతకంలోనూ, వీడియో కాల్‌లో కనిపించే పేరులోనూ, మొదటి పరిచయంలోనూ అదే వాడండి. "నా పేరు పొడుగ్గా ఉంటుంది, నన్ను నరసింహ అని పిలవండి" అని మీరే చెబితే వారికి ఎంతో ఉపశమనం. వారు తప్పుగా పలికితే మొదటి రోజే సరిచేయండి. ఆరు నెలలు ఊరుకుని ఆ తర్వాత సరిచేస్తే ఇద్దరికీ ఇబ్బందే.

ఇక వారి పేర్లు. అమెరికాలో పై అధికారిని కూడా మొదటి పేరుతో పిలవడం ఆఫీసుల్లో మామూలు. మనకు నోరు రాదు, "సర్" అని పడిపోతుంది. ప్రతి వాక్యం చివరా "సర్" చేరిస్తే గౌరవం పెరగదు సరికదా, మీరు వారితో సమానంగా అభిప్రాయం చెప్పలేరన్న భావం కలుగుతుంది.

జర్మన్ భాషలో మన "మీరు", "నువ్వు" లాగే "జీ", "దూ" అనే రెండు పిలుపులు ఉన్నాయి, కాబట్టి ఈ సంగతి తెలుగువారికి ఇట్టే అర్థమవుతుంది. "దూ"కు మారదామని వయసులోనో హోదాలోనో పెద్దవారు ప్రతిపాదించడం ఆనవాయితీ. అంతవరకు పురుషులను "హెర్" అనీ, స్త్రీలను "ఫ్రౌ" అనీ ఇంటిపేరుతో కలిపి పిలవాలి. కొత్త తరం సంస్థలు చాలావాటిలో మొదటి రోజు నుంచే "దూ" నడుస్తుంది. కాబట్టి వారు ఎలా రాస్తే మీరూ అలాగే జవాబివ్వడం క్షేమం.

జపనీయులు మనలాగే ఇంటిపేరు ముందు చెబుతారు. ఇంటిపేరుకు "సన్" చేర్చి పిలవాలి. ఇది మన "గారు"తో సమానం. మనల్ని మనం "గారు" అనుకోనట్టే, సొంత పేరుకు "సన్" చేర్చుకోకూడదు. అయితే ఒక తేడా ఉంది. బయటివారితో మాట్లాడేటప్పుడు జపనీయులు తమ సొంత సంస్థలోని పై అధికారి పేరుకు కూడా "సన్" చేర్చరు. మనం మాత్రం మన మేనేజర్‌ను ఎవరి ముందైనా "గారు" అనే అంటాం.

4. "సరే" అనే మాటను నాలుగుగా విడదీయాలి

ఈ మార్గదర్శిలో ఒక్క దశనే పాటించగల తీరిక మీకు ఉంటే, దీన్నే పాటించండి. మనం అనే "సరే"లో నాలుగు వేర్వేరు సంగతులు దాగి ఉంటాయి:

1. మీ మాట వినిపించింది.
2. మీ మాట అర్థమైంది.
3. మీ మాటతో ఏకీభవిస్తున్నాను.
4. మీరు చెప్పినది ఫలానా రోజుకు చేస్తాను.

మనలో మనం మాట్లాడుకునేటప్పుడు గొంతును బట్టి, ముఖాన్ని బట్టి ఏదో ఊహించుకుంటాం. అమెరికన్, జర్మన్ సహోద్యోగులు సాధారణంగా నాలుగో అర్థాన్నే తీసుకుంటారు. జపనీయులు మాట మధ్యలో "హై, హై" అంటూ తల ఊపుతుంటే అది మొదటి అర్థం మాత్రమే. హైదరాబాద్ బృందం ఆ "హై"లను ఒప్పుకోలుగా లెక్కవేసి పని మొదలుపెట్టేయడం తరచుగా జరిగే పొరపాటు. మనం కథ వింటూ "ఊఁ" కొట్టడం లాంటిదే అది. ఊఁ కొట్టినంత మాత్రాన కథను నమ్మినట్టు కాదు కదా.

పాటించవలసిన క్రమం:

మొదట, తల ఊపడంతో సరిపెట్టకుండా నోటితో పూర్తి వాక్యం చెప్పండి. వీడియోలో తల ఊపు సగం కనిపించదు, కనిపించినా అది అవునో కాదో వారికి తేలదు.

తర్వాత, మీకు అర్థమైనదాన్ని మీ మాటల్లో తిరిగి చెప్పండి. "నాకు అర్థమైనది ఇది: ముందు నివేదిక, ఆ తర్వాత పరీక్ష. వరుస సరైనదేనా?" అని అడగండి. "అర్థమైందా?" అని ఎదుటివారిని అడగడం మాత్రం దండగ. ఆ ప్రశ్నకు ఏ దేశంలోనైనా అందరూ అవుననే అంటారు. "మీరు దీన్ని ఎక్కడి నుంచి మొదలుపెడతారు?" అని అడిగితే నిజం బయటపడుతుంది.

చివరగా, మాట ఇస్తున్నట్టయితే తేదీ, వేళ చేర్చండి. తేదీ చెప్పలేకపోతే, తేదీ ఎప్పుడు చెబుతారో దానికి ఒక తేదీ చెప్పండి. "రేపు సాయంత్రం 5 గంటలలోపు ఎంత సమయం పడుతుందో లెక్కవేసి చెబుతాను" అనేది గౌరవమైన జవాబు. "ప్రయత్నిస్తాను" జవాబు కాదు.

5. కాదనడం, కాదన్నది వినడం

చెప్పడం ముందు చూద్దాం. కాదనడానికి నాలుగు ముక్కల వాక్యం అలవాటు చేసుకోండి: ఏది కుదరదు, ఎందుకు కుదరదు, బదులుగా ఏది కుదురుతుంది, ఎప్పటికి కుదురుతుంది. "శుక్రవారానికి మొత్తం పూర్తి కాదు. పరీక్షలకు రెండు రోజులు పడుతుంది. శుక్రవారానికి మొదటి భాగం, మంగళవారానికి మిగతాది ఇవ్వగలను." ఇందులో అమర్యాద ఎక్కడా లేదు, క్షమాపణ కూడా అవసరం లేదు. జర్మన్ సహోద్యోగులైతే ఇలాంటి కాదును విని సంతోషిస్తారు, ఎందుకంటే వారి ప్రణాళిక నిలుస్తుంది.

చెడ్డ వార్తను ఎప్పుడు చెప్పాలన్నది మరో చిక్కు. గడువు రోజు వరకు ఆగి, ఈలోగా రాత్రింబవళ్లు కష్టపడి ఎలాగో గట్టెక్కిద్దామనుకోవడం మనకు అలవాటు. జపాన్ ఆఫీసుల్లో కొత్తగా చేరినవారికి "హో రెన్ సో" అని నేర్పుతారు. నివేదించు, తెలియజేయి, సంప్రదించు అనే మూడు మాటల మొదళ్లు కలిపి చేసిన మాట అది. పాలకూరను కూడా జపనీస్‌లో "హోరెన్సో" అంటారు కాబట్టి తేలిగ్గా గుర్తుంటుంది. సమస్య చిన్నగా ఉన్నప్పుడే చెప్పాలన్నది దాని సారం. ఏ దేశం వారితోనైనా ఇదే పాటించండి.

ఇక వినడం. జపనీయులు "చోట్టో..." అని సాగదీసి, గాలి లోపలికి పీల్చి ఆగిపోతే అది చాలావరకు కాదనే. ఆ మాటకు కొంచెం అనే అర్థం ఉన్నా, మిగిలిన వాక్యాన్ని మనమే పూరించుకోవాలి. "పరిశీలిస్తాం" అన్నది కూడా తరచుగా మర్యాదైన తిరస్కారమే. మన "చూద్దాం"తో పెరిగినవారికి ఇది అర్థం కాకపోవడం విచిత్రం. విదేశీయులు కాబట్టి సూటిగానే మాట్లాడతారని ముందే అనుకోవడమే దీనికి కారణం.

అమెరికన్లు ముందు మెచ్చుకుని, మధ్యలో అసలు లోపం చెప్పి, చివర మళ్లీ మెచ్చుకుంటారు. మనం మొదటి, చివరి ముక్కలు పట్టుకుని ఆనందంగా ఇంటికి వెళ్తాం. వారి మాటల్లో "అయితే", "ఇంకొకటి ఆలోచించాలి" అన్న చోట నుంచి రాసుకోవడం మొదలుపెట్టండి. "ఇంట్రెస్టింగ్" అన్న ఒక్క మాటను ఆమోదంగా ఎన్నడూ లెక్కవేయకండి. తర్వాత ఏం చేద్దామని అడగండి, దానికి వచ్చే జవాబే అసలు జవాబు.

జర్మన్లు మెచ్చుకోలు లేకుండా తప్పులు మాత్రమే చెప్పినప్పుడు కుంగిపోవద్దు. చెప్పనివన్నీ బాగున్నాయని వారి ఉద్దేశం కావచ్చు. రెండు వాక్యాల మెయిల్ రావడానికి కారణం కోపం కాదు, చెప్పవలసింది రెండు వాక్యాలే ఉండడం.

6. తేదీలు, వేళలు, అంకెలు

సంస్కృతి అంటే పెద్ద విషయాలే అనుకుంటాం గానీ, అపార్థాల్లో సగం ఇక్కడే పుడతాయని నా అనుభవం.

04/05 అని రాస్తే మనకు మే 4, అమెరికన్లకు ఏప్రిల్ 5. జపాన్‌లో సంవత్సరం, నెల, రోజు అనే వరుసలో రాస్తారు. నెల పేరును అక్షరాల్లో రాయడం ఒక్కటే దీనికి విరుగుడు.

పది లక్షలను మనం 10,00,000 అని రాస్తాం, వారు 1,000,000 అని రాస్తారు. లక్ష, కోటి అనే మాటలను విదేశీ పత్రాల్లో వాడకండి. జర్మనీలో చుక్క, కామా తారుమారవుతాయి. మనం 1,250.50 అని రాసేదాన్ని వారు 1.250,50 అని రాస్తారు. ఎక్సెల్ ఫైలు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి వెళ్లినప్పుడు ఈ చుక్క వల్ల డబ్బు లెక్కలే తప్పిపోవచ్చు.

జర్మన్‌లో "హాల్ప్ డ్రై" అంటే మాటకు మాట సగం మూడు, అంటే రెండున్నర. మూడున్నర అనుకుని వెళ్తే గంట ఆలస్యమైనట్టు. కొత్తవారు 14:30 అని అంకెల్లో రాయించుకోవడం మేలు.

వేళల తేడా మరింత చిక్కైనది, ఎందుకంటే అది ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు. జపాన్ మనకంటే ఎప్పుడూ మూడున్నర గంటలు ముందుంటుంది. బెర్లిన్ చలికాలంలో నాలుగున్నర, వేసవిలో మూడున్నర గంటలు వెనక. న్యూయార్క్ చలికాలంలో పదిన్నర, వేసవిలో తొమ్మిదిన్నర గంటలు వెనక. అమెరికాలో గడియారాలు మార్చి రెండో ఆదివారం ముందుకు జరుగుతాయి, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి వస్తాయి. జర్మనీలో మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం మారతాయి. ఈ రెండు దేశాల తేదీల నడుమ వచ్చే వారాల్లో న్యూయార్క్, బెర్లిన్, హైదరాబాద్ మూడూ కలిసే సమావేశాలు గందరగోళమవుతాయి. న్యూయార్క్ ఉదయం 10 గంటల సమావేశం బెర్లిన్‌లో మామూలుగా సాయంత్రం 4కు వస్తుంది, ఆ వారాల్లో మాత్రం 3కే వస్తుంది.

□ సమావేశం ఏ నగరం వేళకు కట్టుబడి ఉందో ఆహ్వానంలోనే రాశారా?
□ "రోజు చివరికి" అంటే ఎవరి రోజు చివరికో చెప్పారా?
□ మార్చి, అక్టోబర్ చివరి, నవంబర్ మొదటి వారాల్లో క్యాలెండర్‌ను మళ్లీ చూసుకున్నారా?
□ మన సంక్రాంతి, దసరా, ఉగాది సెలవులను నెల ముందే వారికి పంపారా?

7. మెయిల్ రాసేటప్పుడు

మనం ఇంగ్లీషులో రాస్తున్నామనుకుంటాం గానీ, కొన్ని మాటలు మన దేశంలోనే పుట్టి మన దేశంలోనే చెల్లుతాయి. వాటిని మార్చుకోవాలి:

- "డౌట్" ఉందంటే మీ మాటను అనుమానిస్తున్నానని వినిపిస్తుంది. "క్వశ్చన్" అనండి.
- "రివర్ట్" అంటే వారికి జవాబివ్వడం కాదు, పాత స్థితికి తిప్పేయడం. సాఫ్ట్‌వేర్ బృందంలో ఈ మాట రాస్తే చేసిన పనినంతా ఎవరైనా వెనక్కి తీసేయవచ్చు.
- "పాస్‌డ్ అవుట్" అంటే చదువు పూర్తి చేయడం కాదు, స్పృహ తప్పడం.
- "ప్రీపోన్", "అవుట్ ఆఫ్ స్టేషన్", "డూ ది నీడ్‌ఫుల్" చాలామందికి అర్థం కావు. వేళను ముందుకు జరపండి, ఊళ్లో ఉండను, ఫలానా పని చేయండి అని విడమరిచి రాయండి.

వరుస కూడా ముఖ్యం. మనం కారణాలన్నీ చెప్పి, చివర మెల్లగా అడుగుతాం. అమెరికన్, జర్మన్ పాఠకులకు అడగవలసింది మొదటి పేరాలోనే ఉండాలి, కారణాలు ఆ తర్వాత. జపాన్‌కు రాసే మెయిల్‌లో మాత్రం మీ సహకారానికి కృతజ్ఞతలు అనే ఒక వాక్యం ముందు ఉండడం ఆనవాయితీ. అది లేకుండా నేరుగా పనిలోకి దిగితే మొరటుగా ఉంటుంది.

8. సమావేశం: ముందు, మధ్య, తర్వాత

ముందు: జపాన్ బృందంతో సమావేశమైతే, కొత్త ప్రతిపాదనను అందరి ముందూ హఠాత్తుగా పెట్టకండి. సంబంధం ఉన్న ఒక్కొక్కరితో విడిగా మాట్లాడి, అభ్యంతరాలు తెలుసుకుని, సరిదిద్దుకుని వెళ్లాలి. దీన్ని వారు "నెమవాషి" అంటారు. చెట్టును వేరే చోట నాటే ముందు వేళ్ల చుట్టూ తవ్వి సిద్ధం చేయడం ఆ మాటకు మూలార్థం. ఊళ్లో పంచాయితీకి ముందే పెద్దమనుషుల ఇళ్లకు వెళ్లి మాట్లాడి రావడం తెలిసిన మనకు ఇది కొత్తేమీ కాదు. జర్మన్ బృందమైతే చర్చాంశాల జాబితా ముందే పంపాలి, చెప్పిన వేళకు కచ్చితంగా మొదలుపెట్టాలి.

మధ్యలో: జపాన్ సహోద్యోగి జవాబు చెప్పే ముందు కొన్ని క్షణాలు మౌనంగా ఉంటే, ఆ మౌనాన్ని మన మాటలతో నింపేయకూడదు. మనసులో పది లెక్కపెట్టుకోండి. అమెరికన్ల సమావేశంలో సమస్య తిరగబడుతుంది. అక్కడ మౌనంగా ఉంటే మీకు చెప్పడానికేమీ లేదనుకుంటారు. పెద్దవారి ముందు మాట్లాడకూడదన్న సంకోచం ఉన్నవారు, కనీసం ఒక ప్రశ్నను ముందే రాసుకుని మొదటి పది నిమిషాల్లో అడిగేయాలి. ఆలస్యమైనకొద్దీ నోరు విప్పడం కష్టమవుతుంది.

మరొకటి, కాల్‌లో మనవాళ్లు నలుగురు ఉన్నప్పుడు తెలుగులోకి జారిపోవడం. పని త్వరగా తేలుతుంది, నిజమే. కానీ అర్థంకానివారికి తమ గురించే మాట్లాడుకుంటున్నారనిపిస్తుంది. తప్పనిసరైతే, "ఒక్క నిమిషం మాలో మేము చూసుకుంటాం" అని చెప్పి, ఆ తర్వాత ఏం అనుకున్నారో ఒక్క వాక్యంలో వారికి వివరించండి. హైదరాబాద్ ఆఫీసులో తెలుగు రాని మన దేశపు సహోద్యోగుల విషయంలోనూ ఇదే వర్తిస్తుంది.

తర్వాత: అదే రోజు ఐదారు పంక్తుల సారాంశం పంపండి. ఏం నిర్ణయించాం, ఎవరు చేస్తారు, ఎప్పటికి అన్నవి చాలు. "తప్పుంటే సరిచేయండి" అని చివర చేర్చండి. అందరి ముందూ కాదనలేని జపాన్ సహోద్యోగి ఇక్కడ మెల్లగా సరిచేస్తారు.

9. పని బయటి మాటలు, భోజనం

అమెరికాలో "హౌ ఆర్ యూ" అన్నది పలకరింపు. మన "భోంచేశారా" లాంటిది. దానికి నిన్నటి జ్వరం కథ చెప్పనక్కర్లేదు. "ఎప్పుడైనా కాఫీకి కలుద్దాం" అన్నది కూడా తేదీ చెప్పనంతవరకు ఆహ్వానం కాదు.

పెళ్లయిందా, పిల్లలెందరు, జీతమెంత అని మనం ఆత్మీయతతో అడిగేవి అక్కడ చొరబాటుగా అనిపిస్తాయి. వారాంతం ఎలా గడిచింది, వాతావరణం ఎలా ఉంది అన్నవి పొడిగా అనిపించినా వాటితోనే మొదలుపెట్టండి. కుటుంబం సంగతి వారే ఎత్తితే అప్పుడు మాట్లాడవచ్చు. జర్మనీలో పుట్టినరోజు శుభాకాంక్షలు ముందురోజే చెప్పడం అశుభమని భావిస్తారు. పుట్టినరోజు ఉన్నవారే ఆఫీసుకు కేకు తేవాలి.

శాకాహారులు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. విదేశాల్లో శాకాహారంలో గుడ్డు సాధారణంగా కలిసే ఉంటుంది. జపాన్‌లో కూరగాయల వంటకంలో కూడా "దాషి" అనే రసం వాడతారు, దాన్ని చాలాసార్లు ఎండుచేపతో కాస్తారు. కాబట్టి "నేను శాకాహారిని" అని ఊరుకోకుండా, "మాంసం, చేప, గుడ్డు, చేపతో కాచిన రసం తినను" అని కాగితం మీద జపనీస్‌లో రాయించుకుని దగ్గర పెట్టుకోండి. చాప్‌స్టిక్స్‌ను అన్నంలో నిలువుగా గుచ్చకూడదు, వాటితో ఒకరి నుంచి ఒకరు ఆహారాన్ని అందుకోకూడదు. రెండూ అంత్యక్రియల ఆచారాలను గుర్తుచేస్తాయి.

జపాన్ వారితో విజిటింగ్ కార్డును రెండు చేతులతో ఇచ్చిపుచ్చుకుని, చదివి, సమావేశం ముగిసేవరకు బల్ల మీద ఎదురుగా ఉంచాలి. వెనక జేబులో పెట్టకూడదు. నమస్కారానికి కొద్దిగా ముందుకు వంగితే చాలు, కొలతలు అక్కర్లేదు.

10. తప్పు జరిగినప్పుడు సరిదిద్దుకోవడం

ఎంత జాగ్రత్తపడినా తప్పులు జరుగుతాయి. ఎవరికైనా కాలు తగిలితే మనం వెంటనే తాకి కళ్లకద్దుకుంటాం, ఆలోచించం. అలాంటి అలవాటే ఇక్కడా కావాలి.

1. అదే రోజు, వీలైతే మాట్లాడే మార్గంలో, విడిగా సంప్రదించండి. రాతలో వివరణ ఇస్తే వాదన పెరుగుతుంది.
2. ఏం జరిగిందో ఒక్క వాక్యంలో చెప్పండి: "నేను సరే అన్నది విన్నాననే అర్థంలో, మీరు దాన్ని మాట ఇచ్చినట్టుగా తీసుకున్నారు."
3. జపాన్ వారితో అయితే ముందు క్షమాపణ, కారణాలు అడిగిన తర్వాతే. మొదటే కారణాలు చెబితే సాకులుగా వినిపిస్తాయి. జర్మన్లతో అయితే కారణం, నివారణ రెండూ వెంటనే చెప్పాలి. అమెరికన్లు గతం కంటే తర్వాత ఏం చేస్తారన్నదాన్నే ఎక్కువగా అడుగుతారు.
4. ఇకమీదట ఇద్దరూ పాటించే ఒక్క పద్ధతిని ఒప్పుకోండి. ఉదాహరణకు, తేదీ లేని మాట మాట ఇచ్చినట్టు కాదు.
5. జరిగినదాన్ని మొదటి వారం మొదలుపెట్టిన నోటుబుక్కులో రాయండి.

నెల గడిచాక ఆ నోటుబుక్కు తెరిచి, ఎడమ గడిలో ఎక్కువసార్లు కనిపించిన మాటను ఒక్కదాన్ని ఎంచుకుని, తర్వాతి నెలంతా దాన్ని మాత్రమే మార్చుకోవడానికి ప్రయత్నించండి. రెండు మూడు ఒకేసారి పెట్టుకుంటే ఏదీ నిలవదు. బృందంలోకి కొత్తవారు వచ్చినప్పుడు, రెండో దశలో రాసుకున్న పేజీతో పాటు ఈ నోటుబుక్కును కూడా వారి చేతిలో పెట్టండి.